తలుపు తెరిచి సాగిన విచారణలు

1958 జనవరి. బొంబాయిలో ఒక విచారణ జరుగుతోంది. హాలు కిక్కిరిసిపోయింది. లోపల చోటు దొరకని జనం బయట గుమిగూడారు. వాళ్ల చెవిన కూడా ప్రతి మాటా పడాలని లౌడ్ స్పీకర్లు పెట్టించారు. సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్లలో దేశ ఆర్థిక మంత్రి ఉన్నారు, ఆయన శాఖ కార్యదర్శి ఉన్నారు, రిజర్వు బ్యాంకు గవర్నరు ఉన్నారు. మంత్రీ కార్యదర్శీ ఒకే లావాదేవీ గురించి చెబుతున్నారు. మంత్రిగారికి తెలిసే జరిగిందంటారు కార్యదర్శి. నేను అనుమతి ఇవ్వలేదంటారు మంత్రి. స్వతంత్రం వచ్చి పట్టుమని పదకొండేళ్లు కాలేదు. అంత పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు జనం వింటుండగా ఇలా జవాబు చెప్పుకోవడం దేశం అంతకు ముందు చూడలేదు.

ఆ లావాదేవీ సంగతి ఇది. జీవిత బీమా సంస్థ 1956లో పుట్టింది. రెండు వందలకు పైగా ప్రైవేటు బీమా కంపెనీలను జాతీయం చేసి, కలిపి, ప్రభుత్వం ఆ సంస్థను నెలకొల్పింది. గుమాస్తాలు, బడిపంతుళ్లు, చిన్న వ్యాపారులు నెలనెలా కట్టుకున్న ప్రీమియం డబ్బు అందులో ఉంది. ఏడాది తిరక్కముందే, 1957 జూన్‌లో, ఆ డబ్బులోంచి రూ. 1 కోటి 26 లక్షలకు పైగా తీసి, హరిదాస్ ముంధ్రా అనే కలకత్తా వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల వాటాలు కొన్నారు. ముంధ్రా అప్పటికే ఇబ్బందుల్లో ఉన్నాడని వ్యాపార వర్గాలకు తెలుసు. పెట్టుబడులు ఎక్కడ పెట్టాలో చూడడానికి సంస్థలో ఒక కమిటీ ఉంది. దాన్ని ఎవరూ సంప్రదించలేదు. కలకత్తా స్టాక్ మార్కెట్‌ను ఆదుకోవడానికే కొన్నామని తర్వాత సంజాయిషీ ఇచ్చారు.

లోక్‌సభలో ఈ విషయాన్ని పట్టుకున్నవాడు ఫిరోజ్ గాంధీ. ఆయన ప్రతిపక్ష సభ్యుడు కాదు, అధికార కాంగ్రెస్ సభ్యుడు. పైగా ప్రధాని నెహ్రూకు స్వయానా అల్లుడు. 1957 డిసెంబర్ 16న సభలో లేచి, తేదీలతో, ధరలతో, వాటాల లెక్కలతో ప్రభుత్వాన్ని నిలదీశాడు. అంతకు ముందు ఏడాది ఆయనే ఒక ప్రైవేటు బిల్లు తెచ్చి చట్టం చేయించాడు. పార్లమెంటులో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేసే పత్రికకు పరువునష్టం దావాల భయం లేకుండా రక్షణ ఇచ్చే చట్టమది. సభలో అడిగిన ప్రశ్న వీధిలోకి చేరాలంటే ఆ రక్షణ అవసరమని ఆయన ముందే గ్రహించాడు.

ప్రభుత్వం విచారణకు ఒప్పుకుంది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాను ఏకసభ్య కమిషన్‌గా నియమించింది. చాగ్లా తీసుకున్న మొదటి నిర్ణయమే ఆ విచారణ తీరును మార్చేసింది. అంతా బహిరంగంగా జరగాలన్నారు. వాయిదాల మీద వాయిదాలు ఇవ్వలేదు. సాక్షులను ఒకరి తర్వాత ఒకరిని పిలిచారు. మార్కెట్‌ను ఆదుకోవడానికే కొన్నామన్న వాదనను మార్కెట్ తెలిసిన బ్రోకర్లనే పిలిచి పరీక్షించారు. అది నిలబడలేదు. అటార్నీ జనరల్ ఎం.సి. సెతల్వాద్ ప్రభుత్వాన్ని వెనకేసుకురాకుండా, నిజం రాబట్టడంలో కమిషన్‌కు తోడ్పడ్డారు. మొత్తం పని 24 రోజుల్లో ముగిసింది. ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగపరంగా బాధ్యత మంత్రిదేనని, కింది అధికారి మీదకు నెట్టి మంత్రి తప్పుకోవడం కుదరదని చాగ్లా తేల్చి చెప్పారు. అదే నెలలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

నెహ్రూకు ఈ పద్ధతి నచ్చలేదు. తన సహచరుడి పాత్ర చాలా స్వల్పమని ఆయన నమ్మారు. అయినా విచారణను మధ్యలో ఆపలేదు, నివేదికను తొక్కిపెట్టలేదు, రాజీనామా ఆమోదించారు. తన ప్రభుత్వానికి అంత నష్టం తెచ్చిన న్యాయమూర్తిని అదే ఏడాది అమెరికాకు రాయబారిగా పంపారు. తర్వాత కేంద్ర మంత్రివర్గంలోకీ తీసుకున్నారు. ముంధ్రా జైలుకు వెళ్లాడు. కృష్ణమాచారి కొన్నేళ్లకు మళ్లీ ఆర్థిక మంత్రి అయ్యారు. కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వెళ్లి, 1977లో జనతా ప్రభుత్వంలో తానే ఆర్థిక మంత్రి అయ్యారు. ఎవరి జీవితమూ అక్కడితో ఆగిపోలేదు. కానీ మంత్రి బాధ్యత అంటే ఏమిటో ఆ 24 రోజులు దేశానికి నేర్పాయి.

ఈ కథలో మిగతా అన్నిటికన్నా విలువైన అంశం ఒకటుంది. ఇక్కడ ప్రభుత్వం విచారణ జరిపించుకున్నది తన మీద తానే. గద్దె దిగిపోయిన ప్రత్యర్థి మీద కాదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇలాంటి ఉదాహరణలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1963లో పంజాబ్ ముఖ్యమంత్రి ప్రతాప్ సింగ్ కైరాన్ మీద అదే కాంగ్రెస్ కేంద్ర ప్రభుత్వం మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్‌తో విచారణ చేయించింది. నివేదిక వచ్చాక 1964లో కైరాన్ పదవి వదిలారు. అంతే, అలాంటివి ఆ తర్వాత అరుదైపోయాయి.

మన దేశంలో ఇలాంటి విచారణలకు ఆధారం 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం. ప్రజా ప్రాముఖ్యం ఉన్న ఏ విషయం మీదనైనా కేంద్రమో రాష్ట్రమో కమిషన్ వేయవచ్చు. చట్టసభ తీర్మానం చేస్తే వేసి తీరాలి. కమిషన్‌కు సివిల్ కోర్టుకు ఉండే అధికారాలు కొన్ని ఉంటాయి. సమన్లు పంపి మనిషిని రప్పించగలదు. ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకోగలదు. ఏ శాఖ నుంచైనా ఫైళ్లు తెప్పించుకోగలదు. శిక్ష మాత్రం వేయలేదు. దాల్మియా కంపెనీల మీద వేసిన కమిషన్ వ్యవహారంలో 1958లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. కమిషన్ చెప్పేది సిఫార్సు, తీర్పు కాదు. కమిషన్ ముందు ఒక వ్యక్తి చెప్పిన మాటను ఆ తర్వాత కోర్టులో అతడి మీదే సాక్ష్యంగా వాడడానికి కూడా వీల్లేదు, అబద్ధపు సాక్ష్యం కేసులో తప్ప.

అందుకే కమిషన్ అనగానే చాలామంది పెదవి విరుస్తారు. శిక్ష లేదు, అరెస్టు లేదు, ఇంకెందుకు అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. అయితే కోర్టు ఒక మనిషి నేరం చేశాడా లేదా అని మాత్రమే చూస్తుంది. ఆ నేరానికి దారితీసిన ఉత్తర్వు ఎవరిచ్చారు, నోటిమాటగా ఇచ్చారా కాగితం మీదా, ఎవరు అడ్డు చెప్పలేదు, ఏ శాఖ కళ్లు మూసుకుంది అనే ప్రశ్నలు కోర్టు గుమ్మం దాటవు. వాటిని అడగగలిగేది విచారణ కమిషనే. అడగడం, జవాబును రికార్డు చేయడం, ఆ రికార్డును జనం ముందు పెట్టడం దాని బలం. మూడోది లేకపోతే మొదటి రెండూ బీరువాలో ఉండిపోతాయి.

బొంబాయిలో చాగ్లాకు తోడ్పడిన సెతల్వాద్ తండ్రి కథ చూస్తే ఈ విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. ఆయన సర్ చిమన్‌లాల్ సెతల్వాద్. 1919లో జలియన్‌వాలాబాగ్ కాల్పుల మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన హంటర్ కమిటీలో ముగ్గురు భారతీయ సభ్యులలో ఒకరు. ఆ నవంబర్‌లో లాహోర్‌లో జనరల్ డయ్యర్ సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు. 1,650 తూటాలు కాల్పించిన మనిషి అతడు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు. బాగ్‌లోకి వెళ్లే సందు ఇంకా వెడల్పుగా ఉండి సాయుధ కార్లు లోపలికి పట్టి ఉంటే మెషిన్ గన్లతో కాల్చేవాడివేనా అని చిమన్‌లాల్ అడిగారు. బహుశా కాల్చేవాణ్నేనని డయ్యర్ ఒప్పుకున్నాడు. అధికారులను కాపాడే రక్షణ చట్టాన్ని కమిటీ పని మొదలుకాకముందే ప్రభుత్వం చేసిపెట్టుకుంది కాబట్టి అతడికి శిక్ష పడలేదు. సైన్యంలో పదవి మాత్రం పోయింది. కానీ ఆ ఒక్క ప్రశ్న, ఆ ఒక్క జవాబు పత్రికలకెక్కి, ఇంగ్లండులో చదువుకున్న ఇళ్ల దాకా పాకాయి. ఎన్ని ఖండన సభలు పెట్టినా రాని నిజం, అడగాల్సిన మనిషి అడగాల్సిన మాట అడిగితే, చంపినవాడి నోటి నుంచే వచ్చింది.

ఎమర్జెన్సీ మీద జరిగిన విచారణ కూడా అలాంటి జవాబులనే బయటికి తెచ్చింది. 1977 మేలో జనతా ప్రభుత్వం సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జె.సి. షాతో కమిషన్ వేసింది. ఢిల్లీ పటియాలా హౌస్‌లో విచారణ బహిరంగంగా సాగింది. అంతకు ముందు రెండేళ్లు అధికారం చెలాయించిన మంత్రులు, ఐఏఎస్ అధికారులు, పోలీసు అధికారులు వరుసగా వచ్చి కూర్చున్నారు. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికల అచ్చుయంత్రాలకు కరెంటు ఎలా ఆగిపోయిందో అక్కడే తెలిసింది. రాతపూర్వక ఉత్తర్వు లేదు. నోటిమాటే. ఎమర్జెన్సీ ప్రకటన మీద రాష్ట్రపతి సంతకం రాత్రే పడింది. మంత్రివర్గానికి చెప్పింది మర్నాడు తెల్లవారాకే. జైళ్లకు వెళ్లినవారి సంఖ్య లక్షా పదివేలు దాటిందని కమిషన్ లెక్క తేల్చింది. ఎవరిని ఎందుకు నిర్బంధిస్తున్నారో చూసుకోకుండానే సంతకాలు పెట్టిన మేజిస్ట్రేట్ల సంగతి బయటపడింది.

ఇందిరాగాంధీ 1978 జనవరిలో కమిషన్ ముందుకు వచ్చారు, కానీ ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకోలేదు. మంత్రిగా తాను చేసిన గోప్యతా ప్రమాణం అడ్డమన్నారు. ఈ వాదన ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. అక్కడ ఆమె పక్షానే తీర్పు వచ్చింది. షా మూడు నివేదికలు ఇచ్చారు. చివరిది 1978 ఆగస్టులో. 1980లో ఇందిర తిరిగి అధికారంలోకి వచ్చాక నివేదిక ప్రతులు కనపడకుండా పోయాయి. గ్రంథాలయాల్లోనూ దొరకడం కష్టమైంది. ముప్పై ఏళ్ల తర్వాత, 2010లో, మాజీ పార్లమెంటు సభ్యుడు ఇరా సెళియన్ తన దగ్గర దాచుకున్న ప్రతిని పుస్తకంగా వేశారు. పార్లమెంటు ముందు పెట్టిన ఒక ప్రజా పత్రాన్ని ఒక వ్యక్తి అలమారా కాపాడాల్సి రావడం ఎంత విచారకరం! అయితే ఒక మంచి జరిగింది. మంత్రివర్గం రాతపూర్వకంగా నిర్ణయం చెబితే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించకూడదని 44వ రాజ్యాంగ సవరణ కట్టడి చేసింది. షా విచారణలో రోజూ వింటున్న కథలు దేశం చెవుల్లో ఇంకా మోగుతుండగానే, 1978లో, ఆ సవరణ ఆమోదం పొందింది.

అదే రోజుల్లో తెలుగునేల మీద ఇంకో విచారణ మొదలైంది. దాని పేరు ఈ తరం వారిలో చాలామంది విని ఉండరు. ఎమర్జెన్సీలో ఆంధ్రప్రదేశ్‌లో నక్సలైట్ల పేరిట జరిగిన ఎన్‌కౌంటర్లపై వి.ఎం. తార్కుండే నాయకత్వంలో పౌరహక్కుల కమిటీ నిజనిర్ధారణ చేసింది. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లిలో చనిపోయిన విద్యార్థుల సంగతి అందులో ముఖ్యమైనది. పట్టుకుని, చెట్లకు కట్టి కాల్చారన్నది ఆ కమిటీ ఆరోపణ. దాని ఒత్తిడితో 1977లో జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్ ఏర్పడింది. పౌరహక్కుల పక్షాన న్యాయవాది కె.జి. కన్నబిరాన్ వాదించారు. ఊళ్లవాళ్లు వచ్చి చూసింది చూసినట్టు చెప్పడం మొదలుపెట్టారు. కొంత దూరం వెళ్లాక విచారణ రహస్యంగా సాగాలన్నది ప్రభుత్వం. తలుపులు మూసిన విచారణలో పాల్గొనడానికి పౌరహక్కుల పక్షం ఒప్పుకోలేదు. కమిషన్ పని అర్ధాంతరంగా ఆగింది. ఢిల్లీలో షా ముందు తెరిచి ఉన్న తలుపు హైదరాబాద్‌లో మూతపడింది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఎన్‌కౌంటర్ అనే మాట తెలుగు పత్రికల్లో మామూలు మాటైపోవడానికీ, ఆ మూతపడిన తలుపుకూ సంబంధం లేదని ఎలా అనుకోగలం?

విచారణ నడిచేటప్పుడు తలుపు తెరిచి ఉంటే చాలదు. నివేదిక కూడా బయటికి రావాలి. దీనికోసమే 1971లో చట్టంలో ఒక నిబంధన చేర్చారు. కమిషన్ నివేదిక అందిన ఆరు నెలల్లోగా ప్రభుత్వం దాన్ని చట్టసభ ముందు ఉంచాలి. దాని మీద ఏం చర్య తీసుకున్నదీ తెలిపే పత్రం కూడా జతచేయాలి. ఈ నిబంధన ఎంత ఇబ్బంది పెట్టిందో 1986లో తెలిసింది. ఇందిరాగాంధీ హత్యపై జస్టిస్ ఎం.పి. ఠక్కర్ ఇచ్చిన నివేదికను సభ ముందు పెట్టకుండా ఉండేందుకు రాజీవ్ గాంధీ ప్రభుత్వం చట్టాన్నే సవరించింది. దేశ భద్రత పేరిట నివేదికను దాచే అధికారం తెచ్చుకుంది. 1989 మార్చిలో ఆ నివేదిక భాగాలు ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో అచ్చయ్యాయి. ఇక దాచి లాభం లేక ప్రభుత్వం సభలో పెట్టింది. 1990లో ఆ సవరణను పార్లమెంటు రద్దు చేసింది.

నివేదికను దాచడం ఒక పద్ధతైతే, అసలు రాకుండా సాగదీయడం ఇంకో పద్ధతి. బాబ్రీ మసీదు కూల్చివేత జరిగిన పది రోజులకే, 1992 డిసెంబర్ 16న, పి.వి. నరసింహారావు ప్రభుత్వం జస్టిస్ లిబర్హాన్ కమిషన్‌ను వేసింది. గడువు మూడు నెలలు. పొడిగింపులు 48. నివేదిక అందింది 2009 జూన్ 30న, అంటే పదహారేళ్లు దాటాక. ఆ రోజు ప్రధానిగా ఉండి, కమిషన్ వేసి, తానే వచ్చి దాని ముందు సాక్ష్యం చెప్పిన పీవీ 2004 డిసెంబర్‌లో కన్నుమూశారు. తన ప్రభుత్వం గురించి ఆ కమిషన్ ఏం రాసిందో చదివే అవకాశం ఆయనకు దక్కలేదు. ఆయనను తప్పుపట్టినవారికీ, సమర్థించినవారికీ కూడా ఆ జవాబు అందాల్సిన సమయంలో అందలేదు. ఈ నివేదిక కూడా సభకు రాకముందే ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేసింది.

అయితే ఆలస్యమైన నివేదికలూ, తిరస్కరించిన నివేదికలూ చచ్చిపోతాయని అనుకోనక్కర్లేదు. 1992 డిసెంబర్, 1993 జనవరి నెలల్లో బొంబాయి అల్లర్లలో 900 మంది చనిపోయారు. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిషన్ వీటిని విచారిస్తుండగా 1996 జనవరిలో మహారాష్ట్ర కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. నాలుగు నెలలకు మళ్లీ పునరుద్ధరించింది. 1998లో నివేదిక వస్తే, ఏకపక్షమంటూ తోసిపుచ్చింది. అక్కడితో ముగిసిందనుకున్నారు. కానీ 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ నివేదికను ముందుంచుకుని ఒక తీర్పు ఇచ్చింది. ఆ అల్లర్లలో 168 మంది జాడ తెలియకుండా పోయారు. వారిలో 60 మంది కుటుంబాలకే పరిహారం అందింది. మిగిలిన 108 మంది కుటుంబాలనూ వెతికి, వడ్డీతో సహా పరిహారం ఇవ్వమని కోర్టు మహారాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. శాంతిభద్రతలు కాపాడడంలో రాష్ట్రం విఫలమైందని చెప్పింది. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత ఆ పేర్లు దొరికాయంటే, ఒక న్యాయమూర్తి వాటిని ఓపికగా రాసిపెట్టినందువల్లనే.

ఆ శ్రీకృష్ణే తెలుగువారి జీవితాల్లోకీ వచ్చారు. తెలంగాణ సమస్యపై 2010లో కేంద్రం వేసిన అయిదుగురి కమిటీకి ఆయనే అధ్యక్షుడు. అది నిందారోపణల విచారణ కాదు, అభిప్రాయ సేకరణ. ఊరూరూ తిరిగి, వేల వినతిపత్రాలు తీసుకుని, ఆ ఏడాది చివరన నివేదిక ఇచ్చింది. ఆరు మార్గాలు సూచించింది. అంతవరకు అందరూ చదివారు. ఎనిమిదో అధ్యాయం దగ్గరే చిక్కొచ్చింది. శాంతిభద్రతలకు సంబంధించిన ఆ భాగాన్ని విడిగా, సీల్డ్ కవర్‌లో, కేంద్ర హోం శాఖకు ఇచ్చారు. నిజామాబాద్‌కు చెందిన మాజీ పార్లమెంటు సభ్యుడు ఎం. నారాయణరెడ్డి హైకోర్టుకు వెళ్లారు. 2011 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి ఆ రహస్య అధ్యాయాన్ని తప్పుపట్టి, అందులోని కొన్ని అంశాలను తన తీర్పులోనే బయటపెట్టారు. ఉద్యమాన్ని, పత్రికలను ఎలా ‘నిభాయించాలో’ చెప్పే సలహాలు ఒక ప్రజాభిప్రాయ కమిటీ నివేదికలో ఉండడం జనాన్ని నివ్వెరపరిచింది. కేంద్రం అప్పీలుకు వెళ్లింది. కోటానుకోట్ల మంది భవిష్యత్తుకు సంబంధించిన నివేదికలో వాళ్లు చదవకూడని అధ్యాయం ఉండడమే తప్పు. వేరుపడాలన్న వారికైనా, కలిసుండాలన్న వారికైనా ఆ తప్పు ఒకటే.

ఆ సీల్డ్ కవర్ సమస్యే పదకొండేళ్ల తర్వాత ఇంకో తెలుగు వ్యవహారంలో ఎదురైంది. ఈసారి జవాబు వేరుగా వచ్చింది.

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు. అంతకు కొద్ది రోజుల ముందు ‘దిశ’గా దేశమంతా పిలుచుకున్న పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో నిందితులు వాళ్లు. ఆ ఘోరానికి రగిలిపోయిన జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ రోజున ఒక ప్రశ్న అడగడానికి చాలా ధైర్యం కావలసి వచ్చింది. సుప్రీంకోర్టు డిసెంబర్ 12న జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ అధ్యక్షతన, జస్టిస్ రేఖా బల్దోటా, సీబీఐ మాజీ డైరెక్టర్ డి.ఆర్. కార్తికేయన్ సభ్యులుగా కమిషన్ వేసి ఆ ప్రశ్న అడిగింది. కోవిడ్ అడ్డొచ్చింది, గడువులు పెరిగాయి. 2021లో హైదరాబాద్‌లో హైకోర్టు ప్రాంగణంలో సాక్షులను విచారించారు. అప్పటి సైబరాబాద్ పోలీసు కమిషనర్ కూడా వచ్చి జవాబు చెప్పారు. ఆధారాల సేకరణకు తీసుకెళ్తే నిందితులు తుపాకులు లాక్కుని కాల్చారన్నది పోలీసుల కథనం. దాన్ని కమిషన్ నమ్మలేదు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని 2022 జనవరిలో నివేదిక ఇచ్చింది.

ఆ నివేదికను సీల్డ్ కవర్‌లోనే ఉంచాలని రాష్ట్ర ప్రభుత్వం తరఫు న్యాయవాది కోరారు. 2022 మే 20న ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం ఒప్పుకోలేదు. ఇది బహిరంగ విచారణ, ఇందులో దాచాల్సినదేమీ లేదంటూ ప్రతులు అందరికీ ఇవ్వమంది. తదుపరి చర్యల సంగతి తెలంగాణ హైకోర్టుకు వదిలింది. పోలీసు అధికారులు ఆ నివేదికను సవాలు చేశారు. 2024లో హైకోర్టు దాని ఆధారంగా చర్యలు తీసుకోవద్దని మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. శిక్ష ఎవరికి, ఎప్పుడు, పడుతుందా లేదా అన్నది న్యాయస్థానాలు తేల్చాలి. నివేదిక మాత్రం ఇప్పుడు ఎవరైనా చదవగల పత్రం. పోలీసులు చెప్పిందేమిటి, సాక్ష్యాలు చూపిందేమిటి అన్నది అందులో పక్కపక్కనే ఉంది. 1977లో భార్గవ కమిషన్‌కు దక్కని అవకాశం ఇది.

విచారించే వారి నిష్పాక్షికత కూడా అంతే ముఖ్యం. ఒకరి పేరుకు మచ్చ తెచ్చే మాట నివేదికలో రాయబోతే, ముందుగా వారికి నోటీసిచ్చి వాదన వినాలని చట్టంలోని 8బి సెక్షన్ చెబుతుంది. విచారణ ముగియకముందే అభిప్రాయం చెప్పేస్తే ఆ వినడానికి అర్థం ఉండదు. 2024లో తెలంగాణ విద్యుత్ ఒప్పందాలపై వేసిన కమిషన్‌లో ఇదే తలెత్తింది. కమిషన్‌కు నేతృత్వం వహిస్తున్న విశ్రాంత న్యాయమూర్తి విలేకరుల సమావేశం పెట్టి మాట్లాడారని మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. న్యాయమూర్తిని మార్చాలని కోర్టు అభిప్రాయపడింది. జస్టిస్ మదన్ లోకూర్ ఆ స్థానంలోకి వచ్చారు. తప్పుకున్నది, 2011లో రహస్య అధ్యాయాన్ని బయటపెట్టిన ఆ జస్టిస్ నరసింహారెడ్డే. ఆయన నిజాయితీ మీద సందేహం లేకపోయినా నియమం నియమమే.

మేడిగడ్డ బ్యారేజి 2023 అక్టోబర్‌లో కుంగిన తర్వాత జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ ఏర్పడింది. ఇంజినీర్లు మొదలుకొని మాజీ మంత్రులు, మాజీ ముఖ్యమంత్రి దాకా దాని ముందు హాజరయ్యారు. నివేదిక 2025 ఆగస్టు చివర్లో శాసనసభ ముందుకు వచ్చింది. దాని మంచిచెడ్డలపై వివాదం సాగుతూనే ఉంది. ప్రభుత్వానికి అందిన నెల రోజులకే సభకు రావడం మాత్రం మెచ్చుకోదగ్గదే. కాకపోతే ఇది కూడా పాత ప్రభుత్వం మీద కొత్త ప్రభుత్వం వేసిన కమిషనే. విద్యుత్ కమిషనూ అంతే. కొత్త ప్రభుత్వం తన హయాంలో జరిగిన తప్పిదం మీద ఇంతే పట్టుదలతో కమిషన్ వేసినప్పుడు, ఏ పార్టీ అయినా సరే, జనం ఎక్కువ నమ్ముతారు.

ఆ విషయంలో విశాఖ ఉదాహరణ కొంత ఊరటనిస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి కమ్మి 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ రెండు నెలల్లో నివేదిక ఇచ్చింది. అది కమిషన్ల చట్టం కింద వేసింది కాదు, అధికారుల కమిటీ. అయినా సామాన్యుల నుంచి ప్రశ్నలు స్వీకరించింది, నివేదికను అందరికీ అందుబాటులో పెట్టింది. ట్యాంకులో ఉష్ణోగ్రత నియంత్రణ లోపం, మోగని సైరన్లు, అనుమతుల్లో లొసుగులు ఎత్తిచూపింది. కంపెనీతో ఆగకుండా కాలుష్య నియంత్రణ మండలినీ, ఫ్యాక్టరీల శాఖనూ తప్పుపట్టింది. మర్నాడే కంపెనీ ముఖ్య అధికారి సహా పన్నెండు మంది అరెస్టయ్యారు. కొందరు ప్రభుత్వ అధికారులు సస్పెండయ్యారు.

ఇక్కడొక లోటు మిగిలిపోతోంది. వెంకటాపురంలో గాలి పీల్చలేక పరుగెత్తినవారు, చటాన్‌పల్లిలో చనిపోయిన పిల్లల తల్లిదండ్రులు, గిరాయిపల్లి గురించి చెప్పడానికి వచ్చిన రైతులు, వీళ్లంతా తమ బాధ తెలుగులో చెప్పుకున్నారు. నివేదికలు మాత్రం ఇంగ్లీషులో వస్తాయి. వందల పేజీలు, న్యాయభాష. పత్రికల్లో వచ్చిన నాలుగు కాలాల సారాంశమే సాక్షికి దక్కుతుంది. తన వాంగ్మూలాన్ని కమిషన్ నమ్మిందో లేదో, ఎందుకు నమ్మలేదో తెలుసుకునే దారి అతనికి లేదు. నివేదికను సభ ముందు పెట్టడానికి చట్టం ఆరు నెలలు ఇస్తోంది. పూర్తి తెలుగు పాఠం సిద్ధం చేయడానికి ఆ వ్యవధి ధారాళంగా సరిపోతుంది. అనువాద విభాగాలు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ ఉన్నాయి, శాసనసభలకు వెబ్‌సైట్లూ ఉన్నాయి. రెండు శాసనసభల్లో ఏ సభ్యుడైనా ఈ ఒక్క కోరికతో తీర్మానం తేవచ్చు: నివేదిక బల్ల మీదకు వచ్చిన రోజే తెలుగు ప్రతి కూడా రావాలని, దాన్ని మండల గ్రంథాలయం దాకా పంపాలని.